కొల్లేటి చాంతాడు

ఎంతకూ ముగియని వ్యవహారాన్ని తెలుగువారు కొల్లేటి చాంతాడుతో పోలుస్తారు. ఆ సరస్సును గురించిన తగవే నేడు అంత పొడవున సాగుతున్నది.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్నది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులూ, ఎన్నో మురుగుకాల్వలూ అందులో కలుస్తాయి. వెలుపలికి పోవటానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే త్రోవ. వేసవిలో కుంచించుకొని, వరదలలో ఊళ్ళ మీదికి వచ్చే ఈ నీటికి స్థిరమైన ఒడ్డు లేదు. ఒడ్డు లేనిచోట హద్దు గీయవలసి రావటమే చిక్కు.

1970 దశకంలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులను ప్రోత్సహించినది. కాలక్రమాన కౌళ్ళ రూపంలో ధనవంతులు ప్రవేశించారు. వల వేసి స్వేచ్ఛగా బ్రతికిన వారిలో పలువురు చెరువుగట్లపై కూలీలైనారు. 1999లో అదే ప్రభుత్వం 5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, దీనిని అభయారణ్యంగా ప్రకటించినది. (నీటిని అరణ్యమనటం వింతే గాని, చట్టానికి ఆ పట్టింపు లేదు.) 2002లో రామ్సర్ జాబితాకెక్కినది. 2006లో యంత్రాలు దిగి చెరువుగట్లను కొట్టివేసినవి. 2008లో శాసనసభ హద్దును 3 అడుగులకు తగ్గించమని తీర్మానించినది. తరువాత కేంద్రం నియమించిన అజీజ్ సంఘం 5 అడుగులే ఉండవలెనన్నది. ఈలోగా కూల్చిన గట్లు పలుచోట్ల మళ్ళీ లేచినవి.

దీనిని పక్షులకూ మనుష్యులకూ మధ్య పోరాటమని చెప్పటం పరిపాటి. అది సగం మాట. అటపాకలో గూళ్ళు కట్టే గూడబాతులు ఎవరి భూమినీ ఆక్రమించలేదు. గీత లోపల జిరాయితీ భూమి ఉన్న చిన్నరైతు ఒకడు. పట్టా చేతిలో ఉన్నా ఆ భూమిని మునుపటివలె వాడుకొనలేడు. వందల ఎకరాల చెరువుల నుండి ఆదాయం తీసినవాడు మరొకడు. కాని వాదన వచ్చినప్పుడు రెండవవాడు మొదటివాని వెనుక నిలబడి మాట్లాడుతాడు. పరిహారం సంగతి ఆనాడే తేల్చి ఉంటే ఆ చాటు అతనికి దొరికేది కాదు.

ఎగువ వరిరైతు గోడు వేరు. కొల్లేటిలో గట్లు అడ్డుపడితే మురుగు వెనుకకు ఎక్కి అతని చేను మునుగుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా చివరకు చేరవలసినది ఈ సరస్సునే. ఆ వరద వచ్చినప్పుడు లంక గ్రామాల రోడ్లపై నీరు నిలిచినది. ఆ నీరు 3 అడుగుల గీతనూ చూడలేదు, 5 అడుగుల గీతనూ చూడలేదు. ఉప్పుటేరు ఎంత తీసుకొంటే అంతే దిగినది.