వార్తల్లో పదం: వింటేజ్ వాహనం

షెడ్డులో దుప్పటి కప్పుకున్న తాతగారి ఫియట్. స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, తలుపు తీయగానే పాత రెక్సిన్ వాసన. ఇలాంటి బండిని రోజువారీ కారుతో ఒకే గాటన కట్టకూడదని కేంద్రం 2021లో మోటారు వాహనాల నిబంధనలు సవరించింది.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కారు, మోటార్‌సైకిల్ ‘వింటేజ్’. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, పునరుద్ధరణకు రూ.5 వేలు. నంబర్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. పాత నంబరున్న బండి దాన్నే ఉంచుకోవచ్చు. మా తాత నంబరు పోతుందేమోనని బెంగపడేవాళ్లకు ఇదే అన్నిటికన్నా పెద్ద ఊరట.

ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు రోడ్డెక్కించవచ్చు. రోజూ తిప్పడం, అద్దెకివ్వడం కుదరదు.

జర్మనీలో అయితే 30 ఏళ్లు దాటిన కారు చారిత్రక వాహనాలకిచ్చే ‘హెచ్’ ప్లేటు పొందితే ఏడాదికి 191.73 యూరోల స్థిరపన్ను కట్టి నిత్యం నడుపుకోవచ్చు. మన దగ్గరా కనీసం ఆదివారపు షికారుకైనా అనుమతించాలి. ఆగిపోయిన ఇంజిన్ తుప్పు పడుతుంది.