పెంపుడు కుక్క శుభ్రత - ఇంటిల్లిపాది ఆరోగ్యము

పల్లెలో పొలముకడ కావలి కాయునదియు, పట్టణములో పిల్లలతో ఆడుకొనునదియు కుక్కయే. అది తిరుగు నేలమీద పసిబిడ్డ ప్రాకును. అది ఒరగిన చాపమీద ఇంటివారు కూర్చుందురు. కావున దాని ఒంటిమీది తామరయు, పిడుదులును ఇంటివారికి సంబంధింపని విషయములు కావు. కుక్కను దువ్వి కడుగుట అందము కొరకేయని పలువురు తలంతురు. నిజమునకు అది వారమునకొకసారి ఇంటివారే చేయదగిన ఆరోగ్యపరీక్ష.

దువ్వుట

పొట్టి బొచ్చు గల నాటుకుక్కను, రాజపాళయము జాతి కుక్కను వారమునకు ఒకటి రెండు సార్లు దువ్విన చాలును. పొమరేనియన్ వంటి దట్టమైన బొచ్చు గలదానిని ప్రతిదినము దువ్వుట మేలు. బొచ్చు పెరుగు దిక్కుగానే దువ్వవలెను. చిక్కులను లాగక వ్రేళ్ళతో విడదీయవలెను. ఒక చేత దువ్వుచు, రెండవ చేత చర్మమును తడిమి చూడవలెను. గుండ్రముగా బొచ్చు రాలి పొలుసులు లేచిన మచ్చ కనబడినచో అది తామర కావచ్చును. అది మనుష్యులకు, ముఖ్యముగా పిల్లలకు అంటును. పశువైద్యుడు చూచి చికిత్స చేయువరకు పిల్లలను అట్టి కుక్క దరి చేరనీయరాదు. వేసవిలో చల్లగా నుండునని దట్టమైన బొచ్చును చర్మము కనబడునట్లు గొరుగుట తప్పు. ఆ బొచ్చే దానిని ఎండనుండి కాపాడును.

స్నానము

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. కావున నిత్యస్నానము అక్కరలేదు. ఆరోగ్యముగా నున్న కుక్కకు సాధారణముగా నెలకొకసారి చాలును. మనము వాడు సబ్బు దాని చర్మమును ఎండబెట్టును. కుక్కల కొరకు తయారైన షాంపూను గోరువెచ్చని నీటితో వాడి, నురుగు మిగులకుండ కడుగవలెను. చెవులలో నీరు పోకుండ చూచుకొని, స్నానానంతరము వ్రేళ్ళ సందులు సైతము ఆరునట్లు తువాలుతో తుడువవలెను. చెవినుండి దుర్గంధము గాని, చీము గాని వచ్చినచో ఇంటివైద్యము చేయక పశువైద్యునికి చూపవలెను.

పిడుదులు

ఇవి చెవులలోను, మెడపట్టీ క్రిందను, వ్రేళ్ళ సందులలోను దాగి నెత్తురు పీల్చును. కుక్కకు ప్రాణాపాయకరమైన జ్వరములను తెచ్చును. గోధుమవన్నె కుక్కపిడుదు మనుష్యులకు కూడ ఒకవిధమైన టైఫస్ జ్వరమును కలిగింపగలదు. అందువలన వానిని వ్రేళ్ళతో చిదుమరాదు. చేతికి తొడుగు వేసికొని, సన్నని శ్రావణముతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక నిలకడగా లాగి, స్పిరిటులో వేయవలెను. ఆడుపిడుదు కుక్కను వదలి గోడపగుళ్ళలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కావున కుక్క పడకను వేడినీట ఉతికి, పగుళ్ళను పూడ్చవలెను.

పైరుపై చల్లు పురుగుమందును గాని, కిరసనాయిలును గాని కుక్కకు ఎన్నడును పూయరాదు. పూసిన మందును అది నాకుకొనును. చర్మము ద్వారాను విషము లోపలికి పోవును. కుక్క ప్రాణము పోవచ్చును. పూసినవారికిని హాని కలుగవచ్చును. పశువైద్యుడు దాని బరువునుబట్టి చెప్పిన మందునే వాడవలెను.

గోళ్ళు

గోరులోపల నెత్తురునాళము ఉండును. తెల్లని గోటిలో అది గులాబివన్నెగా కనబడును. నల్లని గోటిలో కనబడదు. కావున నల్లని గోళ్ళను కొనమాత్రమే కొంచెము కొంచెముగా కత్తిరింపవలెను. నెత్తురు వచ్చినచో శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషములు అదిమి పట్టవలెను.

మరువరాని జాగ్రత్త

కుక్కకు మూడు నెలల ప్రాయమున రేబీసు టీకా వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువులలో తిరిగి వేయించుచుండవలెను. కుక్కల వలన వచ్చు రేబీసును 2030 నాటికి నిర్మూలింపవలెనని 2021లో కేంద్రప్రభుత్వము జాతీయ కార్యప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రయత్నమున ప్రతి గృహస్థునికిని భాగము కలదు.

దువ్వునప్పుడు కుక్క కరచినను, గోటితో గీరినను, పుండుపై నాకినను ఉపేక్షింపరాదు. ఆ చోటును సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసుపు పూయరాదు. రేబీసు లక్షణములు బయటపడిన పిదప బ్రతుకుట అత్యంత అరుదు; సకాలమున వేయించుకొన్న టీకాలే రక్షణ.

పని ముగిసిన పిదప రాలిన బొచ్చును ఊడ్చి పారవేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఒక దువ్వెన, ఒక తువాలు, వారమునకు అరగంట తీరిక ఉన్నచో ఈ పరీక్ష ఏ ఇంటిలోనైనను జరుగును.