హెచ్-ఆల్ఫా ఫిల్టర్: పేరొకటే, పనులు రెండు

పాతబస్తీ వాళ్లకు ఫిసల్‌బండ తెలిసే ఉంటుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో నిజామియా అబ్జర్వేటరీ మొదలుపెట్టింది అక్కడే. ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత బేగంపేటకు మార్చింది. సూర్యుణ్ణి ఒకే రంగులో చూపించే స్పెక్ట్రోహీలియోస్కోప్ అనే పరికరం కూడా తర్వాతి రోజుల్లో అక్కడ ఉండేది. ఇప్పుడు ఆ పని చిన్న టెలిస్కోపుకు బిగించే ఫిల్టర్ చేసేస్తోంది. ఎలాగో చూద్దాం.

మనకు రోజూ కనిపించేది సూర్యుడి ఫోటోస్ఫియర్. దాని మీద పల్చటి క్రోమోస్ఫియర్ ఉంటుంది. జ్వాలల్లా లేచే ప్రామినెన్సులు అక్కడివే. కానీ ఫోటోస్ఫియర్ వెలుగులో అవి మునిగిపోతాయి. పెళ్లి బ్యాండు పక్కన గుసగుసలాడితే వినిపిస్తుందా? అంతే.

దీనికి దారి దొరికింది మన గుంటూరులోనే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అక్కడికి వచ్చాడు. ప్రామినెన్సుల వెలుగు అన్ని రంగుల్లో కాకుండా కొన్ని గీతల్లోనే కేంద్రీకరించి ఉందని స్పెక్ట్రోస్కోపులో గమనించాడు. ఆ గీతల దగ్గరే వెతికితే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా! మర్నాడు పొద్దున్నే చూశాడు, కనబడ్డాయి.

ఆ గీతల్లో ముఖ్యమైనది హెచ్-ఆల్ఫా. హైడ్రోజన్ ఎలక్ట్రాన్ మూడో స్థాయి నుంచి రెండోదానికి దిగినప్పుడు వచ్చే ఎరుపు, 656.28 నానోమీటర్లు. దాన్ని మాత్రమే వదిలి మిగతావన్నీ ఆపాలి. రంగుటద్దం వల్ల అది కాదు.

అందుకే ఎటలాన్ వాడతారు. సెలూన్లో ఎదురెదురు అద్దాలు గుర్తున్నాయిగా, అలాంటి రెండు పలకలు. కాకపోతే ఇవి కొంత కాంతిని బయటికి పోనిస్తాయి, మధ్య గ్యాప్ చాలా సన్నగా, ఎక్కడా తేడా లేకుండా ఉంటుంది. కాంతి లోపల అటూ ఇటూ తిరుగుతుంది. ఒక రౌండ్ దూరం తరంగదైర్ఘ్యానికి సరిగ్గా పూర్ణాంక రెట్లయితే తరంగాలు కలిసి బలపడి బయటికొస్తాయి, లేకపోతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇలా దువ్వెన పళ్లలా చాలా తరంగదైర్ఘ్యాలు బయటికొస్తాయి. వాటిలో మనకు కావలసిన పన్నును బ్లాకింగ్ ఫిల్టర్ ఏరుతుంది. అతినీల లోహిత, పరారుణ కిరణాలను ఆపడానికి వేరే ఫిల్టర్ ఉంటుంది. ఈ మూడూ కలిస్తేనే సోలార్ ఫిల్టర్.

ఇప్పుడు అసలు విషయం. మా జూనియర్ ఒకడు ఆన్‌లైన్లో "హెచ్-ఆల్ఫా, 7 నానోమీటర్లు" అని ఉన్న ఫిల్టర్ చూపించి, "అన్నా, చవగ్గా ఉంది, సూర్యుణ్ణి చూద్దామా?" అన్నాడు. వద్దురా బాబూ అన్నాను. అది రాత్రిపూట నెబ్యులాల ఫోటోలకు చేసింది. సోలార్ ఫిల్టర్ వెడల్పు 0.07 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే వాడు చూపించింది వంద రెట్లు వెడల్పు. దాంట్లో ప్రామినెన్సులు కనబడవు సరికదా, టెలిస్కోపు పోగుచేసిన ఎండ కంట్లో పడుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోతున్నా మనకు అర్థం కాదు. పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు.

కాబట్టి కొనేముందు పేరు కాదు, వెడల్పు చూడండి. "సూర్యుణ్ణి కంటితో చూడటానికి" అని తయారీదారు స్పష్టంగా రాస్తేనే నమ్మండి. 0.1 నానోమీటరుకు అంచున ఉన్న ప్రామినెన్సులు బాగానే కనిపిస్తాయి, సూర్యబింబం మీది వివరాలకు 0.07 గానీ ఇంకా తక్కువ గానీ మేలు. ఎటలాన్‌ను కాస్త వంచితే ఎంచుకున్న రంగు నీలం వైపు జరుగుతుంది. డాప్లర్ ప్రభావం వల్ల, మనవైపు దూసుకొచ్చే వాయువు అప్పుడు కనబడుతుంది. 0.05 నానోమీటర్ల జరుగుడంటే సెకనుకు సుమారు 23 కిలోమీటర్ల వేగం. ఆ వేగాన్ని ఇంటి మిద్దె మీద నిలబడి కొలవొచ్చు.