మగ్గమునుండి పార్టీ నాయకత్వము వఱకు: సర్ పిట్టి త్యాగరాయ శెట్టి

కోఠిలోగాని నారాయణగూడలోగాని ప్రభుత్వ పాఠశాలలో మధ్యాహ్నపు గంట మ్రోగగానే బాలబాలికలు పళ్ళెములు చేతబూని బారులు తీరుదురు. బడిలో అన్నము పెట్టుట క్రొత్తగా పుట్టిన ఆలోచన కాదు. నూఱేండ్లకు పూర్వమే మద్రాసు నగరమున ఒక తెలుగు పారిశ్రామికుడు ఈ పనికి పూనుకొనెను. ఆయనయే సర్ పిట్టి త్యాగరాయ శెట్టి.

త్యాగరాయ శెట్టిగారు 1852 ఏప్రిల్ 27వ తేదీన తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిరి. నేత దేవాంగుల కులవృత్తి. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో బి.ఏ. పట్టము పొందిరి. ఆ కాలమున పట్టభద్రులకు ప్రభుత్వోద్యోగము సులభముగ లభించెడిది. ఆయన మాత్రము వ్యాపారమును, పరిశ్రమను చేపట్టిరి. తోళ్ళ వ్యాపారము చేసిరి. సుమారు నూఱు మగ్గములతో నేత కర్మాగారమును నడిపిరి.

అప్పటికి సీమనుండి మరబట్ట వెల్లువగా దిగుమతి యగుచుండెను. చేతిమగ్గముపై నేసిన బట్ట దానితో పోటీ పడలేకుండెను. దానికి కారణము తెలియవలెనన్న మగ్గము పనితీరును గమనింపవలెను. పడుగు దారముల నడుమ పేక దారమును గొనిపోవు సాధనము నాడె. పాత పద్ధతిలో నేతగాడు నాడెను ఒక చేతితో విసరి రెండవ చేతితో అందుకొనును. కావున పని మెల్లగ సాగును. చేతులు చాచినంత మేరకే బట్ట పన్నా వచ్చును. ఇంగ్లాండులో జాన్ కే అనునతడు 1733లో త్రాటిని లాగినంతనే నాడె తనంతట పరుగెత్తు ఏర్పాటును కనిపెట్టెను. ఇట్టి మగ్గములను శెట్టిగారు తమ కర్మాగారమున వాడుకలోనికి తెచ్చిరి. మంచి పనిముట్టు లభించినచో చేతివృత్తి నిలువగలదని అవి చూపినవి.

ఆయన 1882 మొదలు సుమారు 40 సంవత్సరములు మద్రాసు నగరపాలక సంస్థలో సభ్యులుగా నుండిరి. అధికారి గాక ఆ సంస్థకు అధ్యక్షులైనవారిలో ఆయనయే మొదటివారు. తొలుత కాంగ్రెసునందు ఆసక్తి చూపినను, ఉద్యోగములలోను విద్యలోను బ్రాహ్మణేతరులకు తగిన స్థానము లేదని భావించి, 1916లో డాక్టర్ టి.ఎం. నాయరు మున్నగువారితో కలిసి దక్షిణ భారత ప్రజా సంఘమును స్థాపించిరి. ఆ ఉద్యమమునకు ఇంగ్లీషులో "జస్టిస్", తమిళమున "ద్రావిడన్", తెలుగున "ఆంధ్ర ప్రకాశిక" పత్రికలు తోడ్పడినవి. ఇంగ్లీషు పత్రిక పేరుమీదనే అది జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి కెక్కెను.

1919 నాటి చట్టము వలన రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము ఏర్పడెను. విద్య, స్థానిక పాలన వంటి శాఖలు మంత్రులకు, ఆర్థికము, పోలీసు వంటివి గవర్నరు చేతిలోని వారికి చెందినవి. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. కొంత ఆస్తి గలవారికే నాడు ఓటు హక్కు ఉండెడిది. 98 ఎన్నిక స్థానములలో జస్టిస్ పార్టీ 63 గెలుచుకొనెను. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు శెట్టిగారిని మంత్రివర్గము నేర్పాటు చేయ నాహ్వానించెను. ఆయన అంగీకరింపలేదు. ఎ. సుబ్బరాయలు రెడ్డియారు ప్రధాన మంత్రి యయ్యెను; మఱుసటి యేడు ఆ పదవి పానగల్లు రాజావారికి లభించెను. శెట్టిగారు పార్టీ నాయకులుగనే మిగిలిరి.

ఆ 1920వ సంవత్సరముననే థౌజండ్ లైట్స్ ప్రాంతపు నగరపాలక పాఠశాలలో పిల్లలకు ఫలాహారము పెట్టుటకు తీర్మానమయ్యెను. ఒక్కొక్కరికి రోజునకు ఒక అణా మించరాదని నియమము. బడిలో జీతము లేకపోయినను పేదల బిడ్డలు రాకుండుటకు కారణమేమి? నేతగాని యింట బాలుడు కండెలు చుట్టును. కూలివాని యింట బాలిక చంటిబిడ్డను చూచుకొనును. ఆకలితో నున్న బిడ్డకు పాఠము చెవి కెక్కదు. మగ్గముల నడుమ జీవించినవారికి ఇది తెలియని విషయము కాదు. ఆ పథకము మఱికొన్ని పాఠశాలలకు వ్యాపించెను గాని, ప్రభుత్వ ఆక్షేపణ వలన 1925లో ఆగిపోయెను. పిమ్మట 1956లో కామరాజు ప్రభుత్వము మద్రాసు రాష్ట్రమున దానిని పునరుద్ధరించెను. 1995లో దేశవ్యాప్త పథకము మొదలయ్యెను.

ఆయన పార్టీకి లోపములు లేకపోలేదు. అందు జమీందారులు, ధనికులు పెక్కుమంది యుండిరి. 1921లో బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లుల సమ్మె సమయమున పార్టీ నాయకులు ఆదిద్రావిడులకు న్యాయము చేయలేదన్న విమర్శ బయలుదేరెను. ఎం.సి. రాజా వంటి ఆదిద్రావిడ నాయకుడు 1923లో పార్టీని విడిచిపోయెను. సమానత్వము కోరిన ఉద్యమము తనకంటె క్రిందనున్నవారి మొఱ వినలేకపోయినచో బలము కోల్పోవునని ఈ చరిత్ర తెలుపుచున్నది.

1925 ఏప్రిల్ 28వ తేదీన శెట్టిగారు పరమపదించిరి. మద్రాసులోని త్యాగరాయనగరము, అనగా నేటి టి. నగర్, ఆయన పేరు వహించినదే. అందు తిరుగువారిలో అనేకులు ఆ మొదటి అక్షరము ఎవరిదో ఎఱుగరు. ఆయన కాదన్న పదవి అనతికాలముననే చేతులు మాఱెను. ఒక అణాతో ఆరంభమైన పని మాత్రము ఆగియు మరల మొలకెత్తి, నేడు కోట్లాది బాలబాలికల ఆకలి తీర్చుచున్నది.