గడ్డిచామంతి పసరు నుంచి జెల్ దాకా

తెలుగూ కన్నడమూ కలగలిసిన బళ్ళారి సరిహద్దు పల్లెల్లో కొడవలి గాటు పడితే గట్టు మీది గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండడమూ, సెగగడ్డ లేస్తే వేపాకూ పసుపూ నూరి పట్టించడమూ పాత అలవాటు. ఈ మొక్కల సారాలు సూక్ష్మజీవులను అణచగలవని ప్రయోగశాలల్లో తేలిందిగాని, పచ్చి పసరును మందనడానికి వీల్లేదు. మట్టి అంటిన ఆకు ధనుర్వాతపు బీజాలను సైతం తెగిన చర్మంలోకి చేర్చగలదు. పసరులోని గుణాన్ని శుభ్రంగా, కొలతతో చర్మానికి అందించడమే మూలికా జెల్ తయారీ లక్ష్యం.

సెగగడ్డలకూ చీముపొక్కులకూ తరచు కారణమయ్యే బాక్టీరియా స్టాఫిలోకాకస్ ఆరియస్. నీడన ఆరబెట్టిన ఆకుపొడిని ఆల్కహాలులో నానబెట్టి తీసిన సారాన్ని, ఈ బాక్టీరియా పరచిన అగార్ పళ్లెంలో చేసిన చిన్న గుంటలో పోసి, మర్నాడు దాని చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ వలయాన్ని అతిగా నమ్మరాదు. పసుపులోని కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు కనుక అగార్‌లో పాకలేక, ఉన్న బలం కన్నా చిన్న వలయాన్నే చూపుతుంది; ఆల్కహాలు తానే బాక్టీరియాను చంపగలదు కనుక, ఉత్త ఆల్కహాలు పోసిన గుంటతో పోల్చి చూడని ఫలితానికి విలువ లేదు.

జెల్‌కు ఆధారంగా ఎక్కువగా వాడే కార్బొపాల్ అనే తెల్లని పొడిని నూటికి ఒక పాలు, లేదా అంతకన్నా తక్కువ, నీటిపై చల్లి నాననిస్తారు. అప్పటికి పుల్లగా, పల్చగా ఉన్న ఆ ద్రవంలో ట్రైఇథనోలమైన్ చుక్కలు పడగానే, ముడుచుకున్న అణుగొలుసులు విచ్చుకుని, చూస్తుండగానే అది చిక్కబడుతుంది. చర్మం స్వతహాగా కాస్త ఆమ్లగుణం గలది కాబట్టి జెల్ కూడా దానికి దగ్గరగా ఉండేట్టు సరిచూస్తారు. జిడ్డు లేక, చల్లగా ఉండి, నీటితో పోయే జెల్ చెమట పట్టే ఎండనాడుకు మలాము కన్నా అనువైనది. అయితే అందులో అధిక భాగం నీరే కనుక, సూక్ష్మజీవులు చేరకుండా నిల్వపదార్థం కలపక తప్పదు.

అసలు కష్టం నిలకడది. వానకాలపు ఆకుకూ వేసవి ఆకుకూ సారం ఒక్కటి కాదు కాబట్టి, ప్రతి విడతలోనూ ఒక ముఖ్య పదార్థాన్ని కొలిచి సరిపోల్చాలి. తయారైన మందును 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి, రంగు, చిక్కదనం, బలం తగ్గాయేమో చూడడం అంతర్జాతీయ పద్ధతి. కాని అందులోని వేడి బళ్ళారి వేసవికి కొత్తది కాదు, రేకుల కప్పు కింది దుకాణంలో ఇంకా మించవచ్చు. కనుక ఇక్కడ అమ్మదలచిన జెల్‌కు ఆ పరీక్ష లాంఛనం కారాదు.

ఆ తరువాతే మనుషులపై పరీక్ష. 1961లో మొదలైన వైద్య కళాశాలా, తారానాథ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలా ఒకే ఊళ్లో ఉన్న బళ్ళారి ఇలాంటి ఉమ్మడి పరిశోధనకు తగిన చోటు. ఎంత మంచి జెల్ అయినా పనిచేసేది పైపొరలోనే. జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా, రోగికి మధుమేహం ఉన్నా వైద్యుణ్ణి చూడాలి, లోతుగా చీముపట్టిన గడ్డను కోయించి చీము తీయించాలి.