గ్యాస్ లీకైతే ఎటు పరుగెత్తాలి? ముందే చెప్పే మ్యాప్ ఉంటుంది.. మీరెప్పుడైనా చూశారా?

2020 అక్టోబర్‌లో బోరబండలో భూమిలోంచి పెద్ద పెద్ద శబ్దాలు వచ్చాయి. జనం ఒక్కసారిగా ఇళ్లలోంచి రోడ్ల మీదకు పరుగులు తీశారు. ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు వచ్చి పరికరాలు పెట్టి, ఇవి చిన్న ప్రకంపనలేనని చెప్పారు. భూమి కదలడం ఆగాక బయటకు రావడం కరెక్టే. కానీ వచ్చింది గ్యాస్ అయితే? చాలాసార్లు బయటకు రావడమే ప్రాణాల మీదకు తెస్తుంది.

దానికి సుమారు 5 నెలల ముందు విశాఖలో ఏం జరిగిందో గుర్తుందిగా. 2020 మే 7, తెల్లవారుజామున సుమారు 3 గంటలు. ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్‌లోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటకు వచ్చింది. లాక్‌డౌన్‌తో ఆగిపోయిన ప్లాంట్‌లో స్టైరీన్ వేడెక్కింది. టెంపరేచర్ కొలిచే పరికరం ట్యాంకు అడుగునే ఉండటంతో పైన ఎంత మండిపోతోందో ఎవరికీ తెలియలేదు. 12 మంది చనిపోయారు. 500 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లలో చాలా మంది రోడ్ల మీదే స్పృహ తప్పి పడిపోయారు. సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తర్వాత తేల్చింది.

ఎటు పరుగెత్తాలో ఆ రాత్రి వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. కానీ అది లెక్క వేసి చెప్పగలిగే విషయమే. దాన్నే గ్యాస్ డిస్పర్షన్ మోడలింగ్ అంటారు. అంటే విషవాయువు గాలిలో ఎటు, ఎంత దూరం, ఎంత గాఢతతో పోతుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం.

ఎలా లెక్క వేస్తారు?

అలోహా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థలు నోవా, ఈపీఏ కలిసి తయారు చేశాయి. ఫ్రీగానే దొరుకుతుంది. దానికి నాలుగు సంగతులు చెప్పాలి. ఏ కెమికల్? ఎంత వేగంగా బయటకు వస్తోంది? గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోంది? చుట్టూ ఖాళీ మైదానమా, ఇళ్లా? ఇవి ఇస్తే మ్యాప్ మీద ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో మూడు జోన్లు గీస్తుంది. ఎరుపులో ఉన్నవాళ్లకు ప్రాణాపాయం. పసుపులో ఉన్నవాళ్లకు కళ్లు మండటం లాంటి ఇబ్బందులు.

మనం టీవీల్లో చూపించే గ్రాఫిక్స్‌లో ప్లాంట్ చుట్టూ గుండ్రంగా 3 కిలోమీటర్లని ఒక సర్కిల్ గీసేస్తాం (మేమూ గీశాం). నిజానికి గ్యాస్ గుండ్రంగా పోదు. గాలి వీచే వైపు పొడవుగా, ఈకలా సాగుతుంది. ఒక వీధిలో జనం పడిపోతుంటే, ప్లాంట్‌కు అంతే దూరంలో ఇంకోవైపు ఉన్నవాళ్లకు ఏమీ తెలియకపోవచ్చు.

అసలు విలన్ టైమింగ్

అదే గ్యాస్, అదే రంధ్రం. కానీ మధ్యాహ్నం లీకైతే ఒక కథ, అర్ధరాత్రి లీకైతే ఇంకో కథ. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, గ్యాస్‌ను కూడా చెదరగొడుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల చల్లబడి, చల్లగాలి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. డిసెంబర్‌లో తెల్లారుజామున చెత్త తగలబెట్టిన పొగ నాలా మీద కదలకుండా పరుచుకోవడం చూసే ఉంటారు, అదే ఇది.

బ్రిటన్ శాస్త్రవేత్త పాస్క్విల్ 1961లో గాలి తీరును ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు తరగతులుగా విడగొట్టారు. ఇప్పటికీ లెక్కలకు అవే ఆధారం. ఖాళీ మైదానంలో గాలి వేగం ఒకటే అనుకుని ఆ సూత్రాలతో లెక్క వేస్తే, కిలోమీటరు దూరంలో పగటి 'బి' తరగతి కంటే రాత్రి 'ఎఫ్' తరగతిలో గ్యాస్ గాఢత ఇంచుమించు 40 రెట్లు వస్తుంది. భోపాల్‌లో 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి, విశాఖలో తెల్లవారుజామున.. రెండూ జనం నిద్రలో ఉన్న టైమే, గాలి కూడా నిద్రపోయే టైమే.

పైగా స్టైరీన్ ఆవిరి గాలి కంటే సుమారు మూడున్నర రెట్లు బరువు. క్లోరిన్ రెండున్నర రెట్లు. ఇలాంటివి నేలను అంటుకుని, నీళ్లలా పల్లానికి పారతాయి. ఇక్కడే సాఫ్ట్‌వేర్ కూడా తడబడుతుంది. అలోహాకు గుట్టలు, పల్లాలు తెలియవు, నేలంతా చదునే అనుకుంటుంది. గాలి దాదాపు ఆగిపోతే దాని లెక్క నమ్మలేం. రాళ్ల గుట్టల మీద ఎక్కుతూ దిగుతూ ఉండే బోరబండ గల్లీలకు అది గీసిన మ్యాప్‌ను అలాగే వాడితే కుదరదు. ఏ నాలా ఎటు పోతుందో తెలిసిన లోకల్ వాళ్లు పక్కన ఉండాలి.

బోరబండకు దీనితో ఏం పని?

పక్కనే సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఏరియా, కాస్త అవతల బాలానగర్. ఫలానా చోట ప్రమాదం ఉందని చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ కోల్డ్ స్టోరేజీల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో అమోనియా వాడతారు. నీళ్ల శుద్ధికి క్లోరిన్ వాడతారు. రోడ్ల మీద కెమికల్ ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి. ఫోన్‌లో ఏక్యూఐ చూసుకుంటే చాలనుకోవద్దు. అందులో పీఎం 2.5, ఓజోన్, అమోనియా లాంటి 8 కాలుష్యాల లెక్కే ఉంటుంది. స్టైరీన్ ఉండదు, క్లోరిన్ ఉండదు.

భోపాల్ తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల రూల్స్ ప్రకారం, పరిమితికి మించి ఇలాంటి కెమికల్స్ నిల్వ ఉంచే ఫ్యాక్టరీలు ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్న చుట్టుపక్కల జనానికి ముందే సమాచారం ఇవ్వాలి. ఫ్యాక్టరీ గోడ బయట ఏం చేయాలో చెప్పే ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్ జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. మీ గల్లీలో ఎవరినైనా అడిగి చూడండి, ఆ ప్లాన్ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారో!

సైరన్ వినిపిస్తే లేదా ఘాటు వాసన వస్తే..

ముందు ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు వేసేయండి. కూలర్, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేయండి. సందుల్లో తడిబట్టలు కుక్కండి. బరువైన గ్యాస్ అయితే సెల్లార్‌లోకి అస్సలు దిగొద్దు, పై అంతస్తు మేలు. 112కు ఫోన్ చేయండి. అధికారులు ఖాళీ చేయమంటే మాత్రం ఆగొద్దు. బయటపడక తప్పని పరిస్థితి వస్తే గాలి వీచే దారిలోనే పరుగెత్తకుండా, దానికి అడ్డంగా పక్కకు వెళ్లాలి. గ్యాస్ వెళ్లిపోయిందని చెప్పాక కిటికీలన్నీ తెరవాలి, లేదంటే లోపలికి చేరింది లోపలే ఉండిపోతుంది.

ఆఫ్‌సైట్ ప్లాన్ కాపీ కోసం కలెక్టరేట్‌లో ఆర్టీఐ దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిన్న చిక్కు ఏంటంటే.. సనత్‌నగర్ హైదరాబాద్ జిల్లాలో ఉంది, బాలానగర్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. గాలికి జిల్లా సరిహద్దులు తెలియవు కాబట్టి, అడిగేదేదో రెండు కలెక్టరేట్లలోనూ అడగండి.