వంశాన్ని బట్టి లోపం

పెళ్లయి మూడేళ్లు దాటినా కడుపు పండకపోతే మన ఇళ్లలో ముందుగా కోడలినే ఆస్పత్రికి తీసుకెళ్తారు. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, మొక్కులు అన్నీ అయ్యాకే భర్త వంతు వస్తుంది. నిజానికి సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. అది కొందరికి పుట్టుకతోనే జన్యువుల్లో ఉంటుంది. ఆ జన్యులోపం అన్ని జాతుల్లోనూ ఒకేలా ఉండదు.

1976లో ఇటలీ శాస్త్రవేత్తలు టియెపోలో, జుఫార్డి వీర్యంలో శుక్రకణాలే లేని ఆరుగురిని పరీక్షించి, వారి వై క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేదని గుర్తించారు. శుక్రకణాల తయారీకి కావలసిన జన్యువులు ఉండేది అక్కడే. ఆ చోటును ఏజెడ్‌ఎఫ్ అంటారు. అందులో ఎ, బి, సి అని మూడు భాగాలు. ఎ భాగం పూర్తిగా పోతే వృషణంలో ఎంత వెతికినా కణం దొరకదు. సి భాగం పోయినవారిలో చాలామందికి కొన్నైనా దొరుకుతాయి. ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతిలో వారు తండ్రులు కావచ్చు, కానీ కొడుకు పుడితే అతడికీ అదే లోపం వస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు శుక్రకణాలు లేని 340 మంది భారతీయులను పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 29 మందికి వై ముక్కలు పోయి ఉన్నాయి.

అయితే ముక్క పోయిన ప్రతివారికీ పిల్లలు పుట్టరని కాదు. సి భాగంలో సుమారు 16 లక్షల డీఎన్ఏ అక్షరాలు పోయే ‘జీఆర్/జీఆర్’ లోపం యూరప్‌లో కొన్నిచోట్ల శుక్రకణాల కొరతకు కారణమవుతోంది. జపాన్‌లో దాదాపు మూడోవంతు మగవారిది డి అనే పితృవంశం. ఆ వంశంలో అందరికీ ఈ లోపం ఉంది. అయినా వేల ఏళ్లుగా తండ్రి నుంచి కొడుక్కి ఆ వంశం సాగుతూనే ఉంది.

మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల కథ వేరు. అక్కడ సుమారు 50 మందిలో ఒకరు ఏయూఆర్‌కేసీ జన్యువులో ఒక్క అక్షరం పోయిన ప్రతిని మోస్తుంటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిసి వస్తే అబ్బాయిలో కణవిభజన సరిగా జరగదు. మైక్రోస్కోపు కింద చూస్తే శుక్రకణాలకు ఉబ్బిన పెద్ద తలలు, మూడేసి నాలుగేసి తోకలు కనిపిస్తాయి. ఒక్కో తలలో మామూలుగా ఉండాల్సిన క్రోమోజోములకు నాలుగు రెట్లు ఉంటాయి. అందుకే అలాంటి కణాలతో ఇక్సీ చేయకూడదు. ఈ సంగతి పరీక్షలో ముందే తేలితే ఆ జంటకు వృథా ఖర్చు, వృథా ఆశ తప్పుతాయి.

దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఇలా దాగిన లోపాలు ఎదురుపడే అవకాశం ఎక్కువ. మేనరికాలున్న మన ప్రాంతానికీ ఇది వర్తిస్తుంది. మనవారిలో ఏ లోపాలున్నాయో యూరప్ పట్టికలు చెప్పలేవు, మన కుటుంబాల్లోనే వెతకాలి. 2024లో సీసీఎంబీ బృందం శుక్రకణాల తయారీకి అవసరమైన టెక్స్13బి జన్యువు గురించి ప్రకటించింది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అంటే అందులో లోపముంటే కొడుక్కి తల్లి నుంచి వస్తుంది. ఏ తల్లీ కోరి ఇవ్వనిదానికి ఆమెను తప్పుపట్టలేం. అలాగే కోడలిని గొడ్రాలనడానికీ ఎవరికీ హక్కు లేదు.

కోడలికి మరో స్కానింగ్ రాయించే ముందు అబ్బాయికి వీర్యపరీక్ష చేయించండి. కణాలు లేవనో, మరీ తక్కువనో వస్తే క్రోమోజోమ్ పరీక్ష, వై పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.